పాఠకులు కట్టిన పూరిల్లు

759 చివర్లో చైనా కవి దూ ఫూ భార్యాబిడ్డలతో కొండదారులు దాటి సిచువాన్ ప్రాంతంలోని చెంగ్డూ చేరాడు. వయసు 47. 755లో మొదలైన ఆన్ లూషాన్ తిరుగుబాటు ఉత్తర చైనాను అతలాకుతలం చేసింది. ఆ ఏడాదే ఆకలికి ఒక పసిబిడ్డను పోగొట్టుకున్నాడు. తర్వాత దొరికిన చిన్న ఉద్యోగం కూడా వదులుకుని, కరవు ప్రాంతాల మీదుగా నడిచి వచ్చాడు. ఊరి బయట హ్వాన్‌హ్వా వాగు దగ్గర ఒక బౌద్ధాలయంలో తలదాచుకున్నాడు.

760 వసంతంలో ఆ వాగు ఒడ్డునే పూరిల్లు మొదలుపెట్టాడు. ఇల్లు కట్టే స్తోమత ఆయనకు లేదు. వరుసకు తమ్ముడయ్యే ఒక అధికారి డబ్బు పట్టుకొచ్చి ఇచ్చాడు. మిగిలినవన్నీ దూ ఫూ అడిగి తెచ్చుకున్నాడు, అదీ కవితల్లోనే. ఒక అధికారిని పీచ్ మొక్కలు వంద పంపమన్నాడు. ఇంకొకరిని వెదురు, మరొకరిని త్వరగా ఎదిగి నీడనిచ్చే మొక్కలు, వేరొకరిని పైన్ మొక్కలు అడిగాడు. దాయీ ఊళ్లో చేసే తెల్లని పింగాణీ గిన్నెలు కావాలని కూడా ఒక కవిత రాశాడు. చైనా సాహిత్యంలో మహాకవిగా పేరొందిన మనిషి మొక్కల కోసం, గిన్నెల కోసం రాసిన ఈ చిన్న కవితలంటే నాకు ప్రాణం. వాటిలో దీనత్వం లేదు. చాన్నాళ్లకు ఒకచోట కుదురుకుంటున్న గృహస్థు సంబరం ఉంది.

761లో గాలివాన ఆ ఇంటి కప్పు ఎగరేసుకుపోయింది. చెదిరిపడిన గడ్డిని ఊరి పిల్లలు ఎత్తుకుపోయారు. రాత్రంతా ఇల్లు కారింది. ఆ తడిలో కూర్చుని ఆయన లోకంలోని పేద చదువరులందరికీ గట్టి ఇళ్లు ఉండాలని కోరుకున్నాడు. అలాంటి ఇళ్లు లేస్తే తన గుడిసె కూలినా, తాను చలికి పోయినా ఫరవాలేదన్నాడు. ఆ కవితను చైనా పిల్లలు బడిలో చదువుకుంటారు.

మధ్యలో అంతర్యుద్ధం వల్ల కొంతకాలం వేరే ఊళ్లు తిరిగినా, మొత్తం మీద నాలుగేళ్లకు కాస్త తక్కువగా ఇక్కడ కాపురమున్నాడు. 240కి పైగా కవితలు రాశాడు. అండగా నిలిచిన సేనాని యెన్ వూ 765లో చనిపోవడంతో కుటుంబాన్ని పడవెక్కించి నది వెంట వెళ్లిపోయాడు. 770లో హునాన్ ప్రాంతంలో, ఇల్లంటూ లేకుండానే కన్నుమూశాడు. వాగు ఒడ్డున ఇల్లు శిథిలమైంది.

అక్కడితో ముగిసిపోవలసిన కథను మళ్లీ మొదలుపెట్టినవాడు వెయ్ జువాంగ్. ఆయనా కవే, ఆయనా యుద్ధాల వల్ల ఊళ్లు తిరిగి చివరకు సిచువాన్ చేరినవాడే. 902లో వాగు ఒడ్డున వెతికితే కలుపు మధ్య పునాది రాళ్లు కనిపించాయి. గడ్డి పీకించి, ఆ రాళ్ల మీదే ఒక గది పాక వేయించాడు. ఆ మనిషిని తలుచుకోవడానికే కట్టాడు గనుక పునాదిని ఒక్క అడుగైనా పెంచడానికి సాహసించలేదని ఆయన తమ్ముడు రాశాడు. అన్న కవితల సంపుటికి ఆ తమ్ముడు పెట్టిన పేరు కూడా హ్వాన్‌హ్వా వాగుదే. ఈ స్మారకం పుట్టుక అంటే నాకు మొదట గుర్తొచ్చేది వెయ్ జువాంగే.

తర్వాత ఎందరో చెయ్యివేశారు. సోంగ్ రాజుల కాలంలో ల్యూ దాఫాంగ్ అనే అధికారి ఇల్లు బాగుచేయించి గోడ మీద దూ ఫూ చిత్రం గీయించాడు. ఆ తర్వాతి శతాబ్దంలో మరో అధికారి 1,400కు పైగా కవితలను రాళ్లపై చెక్కించాడు. 1500లో, 1811లో జరిగిన పెద్ద పునర్నిర్మాణాలే ఇంటి చుట్టూ ఇప్పుడున్న తోటకు రూపురేఖలు ఇచ్చాయి. 1734లో దలైలామాను టిబెట్‌కు సాగనంపడానికి వెళుతూ చెంగ్డూలో ఆగిన రాకుమారుడు యున్‌లీ రాసిచ్చిన అక్షరాలు ఒక శిల మీద చెక్కి ఉన్నాయి. గడ్డికప్పు మండపంలోని ఆ శిల బొమ్మే ఈ చోటుకు గుర్తు. పూజామందిరంలో దూ ఫూకు అటూ ఇటూ సోంగ్ కాలపు కవులు లూ యూ, హ్వాంగ్ తింగ్‌జియాన్ కొలువయ్యారు. కవి పక్కన మంత్రులనో సేనాపతులనో కాక, ఆయన్ను ప్రేమగా చదివిన కవులనే కూర్చోబెట్టడం ఎంతో సముచితం.

1952లో మరమ్మతులు చేసి ప్రజలకు తెరిచారు. 1955లో స్మారక భవనం ఏర్పడింది, 1961లో జాతీయ రక్షిత కట్టడమైంది, 1985లో మ్యూజియం అనే పేరొచ్చింది. దూ ఫూ గ్రంథాలు, వ్యాఖ్యానాలు, అనువాదాలు 30,000కు పైగా సంపుటాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఇవాళ మనం చూసే పూరిల్లు మాత్రం 1997లో కట్టింది. ఎక్కడ వాకిలి, ఎక్కడ వాగు, ఎక్కడ చెట్లు అన్నది ఆయన కవితల్లో వెతికి కట్టారు.

అసలు ఇల్లు కాదని తెలిసి నొచ్చుకునేవారు ఉంటారు. నొచ్చుకోనక్కర్లేదు. అసలు గడ్డి ఆయన ఉండగానే గాలికి పోయింది. పైగా 2001 చివర్లో తోటలో గొట్టాల కోసం తవ్వుతుంటే దూ ఫూ జీవించిన తాంగ్ కాలపు ఇళ్ల పునాదులు, బావి, పొయ్యిలు, కుండపెంకులు బయటపడ్డాయి. 687 నాటి ఒక బౌద్ధ భిక్షువు శిలాశాసనమూ దొరికింది. కవి పొరుగున గుడి ఉందని, జనం కాపురముండేవారని కవితలు చెప్పిన మాటకు నేల సాక్ష్యం పలికింది. ఆ తవ్వకాల మీదే ఒక ప్రదర్శనశాల కట్టారు.

ఇంకో సంగతి చెప్పాలి. 761 కొత్త సంవత్సరం ఏడో రోజున మిత్రుడు గావ్ షీ దూ ఫూకు ఒక కవిత పంపాడు. 770లో పాత కాగితాల మధ్య అది మళ్లీ కంటబడేసరికి గావ్ షీ పోయి అయిదేళ్లయింది. దూ ఫూ కన్నీళ్లతో అప్పుడు జవాబు రాశాడు. 19వ శతాబ్దంలో హ షావ్‌జీ అనే పండితుడు ఆ ఏడో రోజును ఈ ఇంటితో ముడిపెట్టి రెండు పంక్తులు రాసిన తర్వాత, ఆ రోజున ఇక్కడికి రావడం చెంగ్డూ వాసులకు ఆచారమైంది. మీకు ఎప్పుడైనా అటు వెళ్లే వీలు చిక్కితే చైనా కొత్త సంవత్సరం ఏడో రోజు కలిసొచ్చేలా చూసుకోండి. ఊరు ఊరంతా కవి ఇంటికి వస్తుంది.