సిరొంచ సీమ : భూగోళము – చరిత్ర – జనజీవనము

మహారాష్ట్రలో తెలుగు మాధ్యమమున విద్య నేర్పు పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొనుట సామాన్య విషయము కాదు. ఈ శుభ సందర్భమున మన రాష్ట్రపు తెలుగువారి చరిత్రను ఒకసారి తలచుకొనుట సముచితముగా ఉంటుంది. షోలాపూర్, భివండి, ముంబయి నగరాలలోని తెలుగువారు ప్రధానంగా మగ్గము పని, మిల్లు పని, కట్టడపు పని వెదకుకొంటూ వలస వచ్చినవారు. వారిని గూర్చి వ్రాసినవారు కొందరైనా ఉన్నారు. కాని, ఎక్కడికీ వలస రాకుండానే మహారాష్ట్రీయులైన తెలుగువారు మరికొందరు ఉన్నారు. వారు గడ్చిరోలి జిల్లా దక్షిణాగ్రమున ఉన్న సిరొంచ తాలూకా వాసులు. వారు ఇల్లు కదలలేదు, ఎల్లలే కదిలినవి. ఆ కథ మన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు తెలియవలసినది.

భౌగోళిక స్థితి

సిరొంచ తాలూకాకు మూడు దిక్కుల మూడు నదులు ఎల్లలుగా ఉన్నవి. పడమట ప్రాణహిత, దక్షిణమున గోదావరి, తూర్పున ఇంద్రావతి ప్రవహిస్తున్నవి. ఉత్తరమున మాత్రమే అహేరి అడవుల మీదుగా నేల మార్గము కలదు. వార్ధా, వైన్‌గంగ నదుల కలయికచే ఏర్పడిన ప్రాణహిత పొడవు సుమారు 113 కిలోమీటర్లే అయినా, అది మోసుకొని వచ్చే నీరు అపారము. గోదావరి పరీవాహక ప్రాంతములో మూడవ వంతుకు పైగా ప్రాణహితదే. సిరొంచ పట్టణము ఈ నది ఎడమ గట్టున, గోదావరీ సంగమమునకు కొద్ది దూరమున ఎగువన వెలసినది. తాలూకా ఆగ్నేయ మూలన సోమనూరు వద్ద ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ రాష్ట్రాలు మూడూ అక్కడ కలుసుకొంటున్నవి.

సంగమమునకు ఆవలి గట్టున కాళేశ్వరము కలదు. ఒకే పానవట్టముపై రెండు లింగములు గల కాళేశ్వర ముక్తీశ్వర ఆలయము అక్కడి ప్రత్యేకత. కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామము అను మూడు శైవ క్షేత్రముల నడుమ గల దేశమే త్రిలింగ దేశమని పెద్దలు చెప్పుదురు. ఆ లెక్కన కాళేశ్వరము తెలుగు దేశమునకు ఉత్తరపు గడప. సిరొంచ ఆ గడపకు ఆవలనున్న తెలుగు ఊరు. పండ్రెండేండ్లకు ఒకమారు, బృహస్పతి మీనరాశిలో ప్రవేశించునపుడు, ప్రాణహిత పుష్కరములు వచ్చును. 2010లోను, 2022లోను ఈ పుష్కరాలకు నది ఇరుగట్టులా భక్తులు స్నానాలు ఆచరించిరి. ఉభయ రాష్ట్రాల యంత్రాంగములు వేరువేరుగా ఏర్పాట్లు చేసినను, భక్తులు మునిగిన నది ఒక్కటే.

ఈ నేల వయస్సును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. ఈ తాలూకాలోని కోట గ్రామము పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథములలో స్థిరపడినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమనే ఇక్కడి సున్నపురాతి పొరలలో చేపల శిలాజములు దొరకగా, ఆ శిలా సముదాయమునకు ‘కోటా ఫార్మేషన్’ అనే పేరు వచ్చినది. ఇవి జురాసిక్ కాలపు రాళ్లు. రాక్షసబల్లుల ఎముకలు సైతము ఈ ప్రాణహిత – గోదావరి లోయలో లభించినవి. వడధం గ్రామము వద్ద శిలాజ ఉద్యానము కూడ ఏర్పడినది.

నది కోసము పుట్టిన జిల్లా

చంద్రపురమును (నాటి చాందాను) ఏలిన గోండు రాజుల ప్రాభవము 1751లో నాగపూరు భోంస్లేల చేతిలో అంతరించినది. 1853లో నాగపూరు రాజ్యము ఆంగ్లేయుల వశమైనది. 1858లో చాందా ప్రాంతపు గోండు వీరుడు బాబూరావు శేడ్మాకే ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసి, ఆ సంవత్సరము అక్టోబరులో ఉరికంబమెక్కినాడు. అయితే ఆనాటికి సిరొంచ ఇంకను నిజాము రాజ్యములోనిదే.

1860లో జరిగిన ఒడంబడిక ఈ సీమ నుదుటి వ్రాతను మార్చినది. ఆ ఒప్పందము ప్రకారము ఆంగ్లేయులు నిజామునకు రాయచూరు అంతర్వేదిని, నల్‌దుర్గ్ ప్రాంతమును తిరిగి ఇచ్చిరి. అప్పు రద్దు చేసిరి. ప్రతిఫలముగా గోదావరి ఎడమ గట్టున గల తాలూకాలను పుచ్చుకొనిరి. గోదావరిపై సాగు సరకు రవాణాకు సుంకము ఉండరాదని కూడ షరతు పెట్టిరి. అడవి తప్ప పెద్ద రాబడి లేని ఈ గట్టు వారికేల అవసరమైనది? సమాధానము ప్రత్తి. నాగపూరు, వార్ధా, బేరారు ప్రాంతముల ప్రత్తిని పడవలమీద వార్ధా, ప్రాణహిత, గోదావరి నదుల గుండా రాజమహేంద్రవరము మీదుగా సముద్రమునకు చేర్చవలెనని సర్ ఆర్థర్ కాటన్ కలగన్నాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై అక్కడి ప్రత్తి ఇంగ్లండునకు అందకపోగా, ఈ జలమార్గమునకు ప్రాధాన్యము హెచ్చినది. నది నడుమ పడవలకు అడ్డు నిలిచిన రాతి తిన్నెలు మూడు. మొదటిది దుమ్ముగూడెము వద్ద, రెండవది ఇచ్చంపల్లి వద్ద, మూడవది ప్రాణహితపై దేవల్‌మరి వద్ద కలవు. వాటిని దాటించుటకు ఆనకట్టలు, కాలువలు తలపెట్టిరి.

ఈ పరిస్థితులలోనే సిరొంచ కేంద్రముగా ‘అప్పర్ గోదావరి’ జిల్లా ఏర్పడి, 1861లో అవతరించిన సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగమైనది. అందులో సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలము, రేకపల్లి అను ఆరు తాలూకాలు ఉండెడివి. ఆనాటి డిప్యూటీ కమీషనరు గ్లాస్‌ఫర్డ్ పేరును తాలూకాలోని గ్లాస్‌ఫర్డ్‌పేట గ్రామము నేటికిని తలపింపజేస్తున్నది.

కాని 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరినది. ప్రత్తి పడవ ఎక్కుట మాని రైలెక్కినది. 1871లో జలమార్గపు పనులు నిలిచిపోయినవి. 1874లో జిల్లా కూడ రద్దయినది. భద్రాచలము, రేకపల్లి మదరాసు రాష్ట్రములోని గోదావరి జిల్లాకు పోయినవి; మిగిలిన నాలుగు తాలూకాలు చాందా జిల్లాలో చేరినవి. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున నూగూరు, ఆల్బాక, చెర్ల కూడ మదరాసుకు మారినవి. ఒక్క సిరొంచ చాందాలోనే మిగిలిపోయినది. ఆరుగురు అక్కచెల్లెండ్రలో ఐదుగురు తెలుగు రాష్ట్రములకు చేరగా, ఒకతె మాత్రము అత్తవారింట ఉండిపోయినట్లయినది.

1945లో సిరొంచలో జన్మించిన వ్యక్తి పుట్టినది సెంట్రల్ ప్రావిన్సెస్ – బేరారులో. 1950లో అతడు మధ్యప్రదేశ్ వాసి, 1956లో బొంబాయి రాష్ట్ర వాసి, 1960 మే 1 నుండి మహారాష్ట్ర వాసి అయినాడు. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లా నుండి గడ్చిరోలి జిల్లా ఏర్పడగా అతని జిల్లా కూడ మారినది. ఆవలి గట్టు వారికి సైతము హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని పేర్లు మారినవి. ఇరుగట్టుల వియ్యములు, అంగళ్లు, జాతరలు మాత్రము మారలేదు.

జనజీవనము

2011 జనాభా లెక్కల ప్రకారము గడ్చిరోలి జిల్లా జనాభా 10,72,942. వైశాల్యము 14,412 చదరపు కిలోమీటర్లు. 1991లో జనాభా 7,87,010 మాత్రమే. చదరపు కిలోమీటరుకు మహారాష్ట్ర సగటు 365 మంది కాగా, ఇక్కడ 74 మందియే. జనాభాలో దాదాపు 39 శాతము గిరిజనులు. అడవి పల్లెలలో మాడియా, గోండు కుటుంబములు, నదీతీర గ్రామములలో ఎక్కువగా తెలుగు రైతు, వృత్తి కులములు నివసిస్తున్నవి. కచేరీలో మరాఠీ, ఇంటను అంగడిలోను తెలుగు, అడవిలో గోండీ, మాడియా భాషలు వినిపించును. సిరొంచ దర్గా ఉర్సుకు తెలంగాణ నుండియు భక్తులు వత్తురు.

చాందా సీమ ఇంటిపేర్లలో, కులనామములలో తరచు కనిపించు ‘వార్’ అను తుదిపదము మన ‘వారు’ అను మాటయే. కాపువారు కాపేవార్ అయినారు. పలకరింపు మరాఠీలోనైనను, పేరు మాత్రము తన పుట్టింటిని చెప్పుచునే ఉన్నది.

వరి, ప్రత్తి, మిరప ప్రధాన పంటలు. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు అడవి ఇచ్చు ఆదాయము. మిరప కోతల కాలమున కూలీలు నది దాటి తెలంగాణ పొలములకు పోవుదురు. జిల్లా కేంద్రము గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్ల దూరమున ఉండగా, కాళేశ్వరము ఆవలి గట్టుననే ఉన్నది. అందుచేత వైద్యమునకు, వ్యాపారమునకు జనులు మంచిర్యాల, వరంగల్లు వైపే చూచెదరు. పూర్వము నాటుపడవలే శరణ్యము. వర్షాకాలమున అవియు ఉండెడివి కావు. గోదావరిపై కాళేశ్వరము – సిరొంచ వంతెన 2016లో రాకపోకలకు తెరచుటతో ఆ కష్టము తీరినది. 1980 దశకము నుండి నక్సలైటు ఉద్యమము, పోలీసు చర్యల నడుమ పల్లె జనులు పడిన బాధ కూడ ఈ సీమ చరిత్రలో భాగమే.

నది మరల ఎల్లలను కదిలించినది

జలమార్గము కొరకు పుట్టిన సిరొంచకు నూటయేబది యేండ్ల తరువాత మరొక జల పథకము ఎదురైనది. 2016 ఆగస్టులో ఉభయ రాష్ట్రముల ఒప్పందము కుదిరిన పిదప, కాళేశ్వరమునకు దిగువన మేడిగడ్డ వద్ద 85 గేట్లతో బ్యారేజి నిర్మితమై 2019 జూన్ 21న ప్రారంభమైనది. దాని ఒక కొన తెలంగాణలోను, మరొక కొన సిరొంచ తాలూకాలోను ఉన్నది. నీరు తెలంగాణ పొలములకు. ముంపు భయము మాత్రము ఈ గట్టు రైతులకు. 2022 జూలైలో వచ్చిన మహావరదలో తాలూకాలోని పలు గ్రామములు నీట మునిగినవి. పరిహారము కోరుచు రైతులు ఆందోళనకు దిగిరి. 2023 అక్టోబరు 21న బ్యారేజి పియర్లు కుంగిపోగా, పథకపు భవిష్యత్తే ప్రశ్నార్థకమైనది. నాడు కాటన్ పథకము, నేడు ఈ పథకము ఎక్కడో దూరమున ఆలోచింపబడినవే. రెండింటి ఫలితములను అనుభవించినవారు మాత్రము ఈ గట్టు వారే.

భాష – బడి

సిరొంచలో తెలుగు నిలిచినది ప్రభుత్వ ఉత్తర్వుల వలన కాదు. ఇండ్లలో తల్లులు మాట్లాడినందున, అంగళ్లలో బేరము సాగినందున నిలిచినది. అయినను, బడిలేని భాష రెండు మూడు తరములకు మించి చదువులో నిలువజాలదు. మాట మిగిలి, అక్షరము పోవును. అక్షరము పోయిన పిదప తాతల దస్తావేజులు మనుమలకు కొరకరాని కొయ్యలగును. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగులోను పుస్తకములు ప్రచురించుట మనకు మేలు చేసినది. 2020 చట్టము ప్రకారము అన్ని బడులలోను మరాఠీ తప్పనిసరి. అది భారము కాదు, మన పిల్లలకు జీవనోపాధి. తెలుగుబిడ్డ రెండు భాషలూ చక్కగా నేర్చుట సాధ్యమని మన పూర్వ విద్యార్థులే నిరూపించిరి.

ఇంకొక మాట. మనము తెలుగు కొరకు కోరునదే మాడియా, గోండు బిడ్డ తన భాష కొరకు కోరిన కాదనగల హక్కు మనకు లేదు. ఈ నేలపై వారి భాష మన భాషకంటె చిన్నది కాదు. దానికి ఇంకను తగినన్ని బడులు లేవు, అంతే.

పూర్వ విద్యార్థులకు విన్నపము. మీ మీ పూర్వుల ఊళ్ల పేర్లు, చెరువుల పేర్లు, వలస కథలు, పెద్దలు చెప్పిన పుష్కర స్మృతులు తెలుగులో వ్రాసి పాఠశాల గ్రంథాలయమునకు పంపుడు. ఎల్లలను గీచినవారు కాగితములు దాచుకొన్నారు. ఆ ఎల్లల నడుమ బ్రతికినవారి మాటను దాచవలసిన బాధ్యత మన బడిది.