మోట బొక్కెన, నా తోలు సంచి

ఈసారి కొంచెం పెద్దగా రాస్తున్నాను. మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఇందులో సగం మాటలు నాకు కొత్తవి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

నేను ఒక తోలు సంచి కుడుతున్నాను. ఫ్రిస్కో దగ్గర ఒక చిన్న షాపులో శనివారాలు క్లాసు ఉంటుంది. మొదటి రోజు మా టీచరు తోలు ముట్టుకోనివ్వలేదు. ముందు మూడు ప్రశ్నలు అడిగారు. ఇందులో ఏమేం పెడతావు? ఏ భుజానికి వేసుకుంటావు? రోజుకి ఎంతసేపు మోస్తావు? నా జవాబులు ఇవి: లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, తెలుగు నోటుబుక్కు. ఎడమ భుజం, ఎందుకంటే కుడి భుజం నొప్పి. ఆఫీసుకి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు. ఆ జవాబులను బట్టి కాగితం మీద గీసి, కత్తిరించి, ఆ కాగితం సంచిని ముందు భుజానికి తగిలించుకుని చూడాలి. తోలు కోశాక దిద్దుకోవడం కుదరదు.

ఆ కాగితం సంచి ఇంట్లో టేబుల్ మీద పెట్టాను. మా అమ్మమ్మ ఆరు నెలలకని ఇక్కడికి వచ్చి ఉంది. ఆమెది జనగామ దగ్గర పల్లె. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మోట బొక్కెనకు గూడ గిట్లనే కొలత తీసుకునేటోళ్లు" అంది.

మోట అంటే నాకు తెలియదు. అమ్మమ్మ చెప్పింది, తర్వాత నేను చదివాను. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి పొలానికి నీళ్లు తోడే పద్ధతి అది. కొన్ని చోట్ల కపిల అంటారు. ఒక పెద్ద తోలు సంచి. వంద లీటర్లకు అటూ ఇటూ నీళ్లు పడతాయి. దాని అడుగున ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం ఉంటుంది. దాని పేరు కూడా తొండమే. సంచికి ఒక లావు మోకు, తొండానికి ఒక సన్న తాడు. ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి నడుస్తుంటే సంచి పైకి వస్తుంది. వచ్చేంతసేపూ సన్న తాడు తొండం మూతిని పైకి ఎత్తి పట్టుకుంటుంది, అందుకే నీళ్లు కారవు. గట్టు దగ్గరికి వచ్చాక మూతి తొట్టి వైపు వంగుతుంది, నీళ్లు వాటంతట అవే పడిపోతాయి. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు.

ఇప్పుడు కొలత సంగతి. తొండం పొట్టిదైతే నీళ్లు దారిలోనే పోతాయి. పొడుగైతే తొట్టిలో సరిగ్గా పడవు. సంచి పెద్దదైతే ఎడ్లు లాగలేవు, చిన్నదైతే పొద్దంతా తోడినా మడి తడవదు. కాబట్టి ఒక బావి బొక్కెన ఇంకో బావికి అలాగే పనికిరాదు. కుట్టే మనిషి వచ్చి గిలక ఎత్తు చూసేవాడు, ఎడ్లను చూసేవాడు, తర్వాతే తోలు కోసేవాడు. మా టీచరు అడిగినవి కూడా అవే ప్రశ్నలు!

తర్వాత కాలంలో ఇనుప బొక్కెనలు వచ్చాయి. కానీ తొండం మాత్రం తోలుదే ఉండిపోయింది. ఇనుము వంగదు కదా.

మేము క్లాసులో వాడేది చెట్టు బెరడుతో ఊనిన తోలు. పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మార్చడాన్ని ఊనడం అంటారని ఈమధ్యే నేర్చుకున్నాను. మన దగ్గర ఏ బెరడు వాడేవాళ్లో వెతికితే తంగేడు అని తెలిసింది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ప్రతి ఏడాదీ ఇక్కడ బతుకమ్మ ఆడేటప్పుడు తంగేడు దొరకదని పెద్దవాళ్లు బాధపడతారు, బంతి, చామంతి పేరుస్తారు. దాని బెరడుతో ఊనిన తోళ్లు మద్రాసు నుంచి ఓడల్లో లండన్ దాకా వెళ్లేవని నాకు ఎవరూ చెప్పలేదు. తోళ్లు నానబెట్టే గుంటను లంద అంటారు. కుట్టడానికి తోలులో బెజ్జం పొడిచేది ఆరె, కోసే కత్తి రంపె. నేను ఇక్కడ వాడే పనిముట్లకు తెలుగులో ఎప్పటినుంచో పేర్లున్నాయి.

చరిత్రలో మనుషుల పేర్లు కూడా దొరికాయి. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1904లో మద్రాసు రాజధానిలో తోలు పని గురించి ఒక పుస్తకం రాశారు. క్రోమ్ పద్ధతిలో చేసిన తోలు నీళ్లకు బాగా ఆగుతుందని, దానితో కపిల బొక్కెనలు చేయించారు. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తోలు శాస్త్రవేత్త అయ్యి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. ఇక్కడికి గంట దూరంలో, ఫోర్ట్‌వర్త్‌లో, 1919లో హింక్లీ, టాండీ అనే ఇద్దరు చెప్పులు బాగుచేసేవాళ్లకు తోలు అమ్మే వ్యాపారం పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ కంపెనీ సంచులూ పర్సులూ ఇంట్లోనే కుట్టుకునే కిట్లు అమ్మింది. నాలాంటి వాళ్లకు ఇది హాబీ అయింది అలాగే. 1963లో అదే కంపెనీ రేడియోషాక్‌ని కూడా కొనేసింది.

అప్పుడు అమ్మమ్మని అడిగాను: మన బొక్కెన ఎవరు కుట్టేవారు?

"మాదిగాయన" అంది.

పేరు?

అమ్మమ్మ చాలాసేపు ఆలోచించింది. మోట లాగిన ఎడ్ల పేర్లు ఆమెకు గుర్తున్నాయి. ఒకటి మైలోడు, ఇంకోటి తెల్లోడు. మైలోడు మొండిది అని నవ్వింది కూడా. ఆయన పేరు మాత్రం రాలేదు. "పేరుతోని ఎన్నడు పిలువలే బిడ్డా. మా ఇంట్ల చిన్నపిల్లలం గూడ ఒరేయ్ అనే పిలిచేటోళ్లం" అంది. ఆయన అప్పటికే ముసలాయన.

ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పింది. బొక్కెనకు, వార్లకు, చెప్పులకు డబ్బులు ఇచ్చేవారు కాదు. పంట వచ్చాక కళ్లం దగ్గర కొన్ని గింజలు కొలిచేవారు. ఊళ్లో పశువు చస్తే తీసుకెళ్లాల్సింది కూడా వాళ్లే. ఇళ్లు ఊరి బయట. తాగునీళ్ల బావి దగ్గరికి వాళ్లను రానిచ్చేవారు కాదు. పొలానికి నీళ్లు తెచ్చే సంచిని అంత కొలతగా కుట్టిన మనిషి, తాగే నీళ్లకు కుండ పట్టుకుని దూరంగా నిలబడాలి. ఎవరైనా పోస్తే పట్టుకోవాలి.

నేను మాత్రం అదే పని నేర్చుకోవడానికి డబ్బులు కడుతున్నాను. ఆఫీసులో అందరికీ ఫోటోలు చూపిస్తున్నాను, వాళ్లు మెచ్చుకుంటున్నారు. నా సంచి లోపల చిన్న అక్షరాలతో నా పేరు అచ్చు వేద్దామనుకున్నాను. అమ్మమ్మ మాటలు విన్నాక ఆ అచ్చు ఇంకా వేయలేదు.

మా మామయ్య ఊళ్లోనే ఉంటాడు. ఆయన్ని కనుక్కోమన్నాను. నాలుగు రోజులకు ఫోన్ చేశాడు. పేరు దొరికింది. ఆ ముసలాయన కొడుకు ఊళ్లోనే ఉన్నారు, వయసు ఇంచుమించు అమ్మమ్మ అంతే. నంబరు కూడా పంపాడు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే వాళ్లని ఇంకా అడగలేదు.

ఫోన్ చేయాలి. తెలుగు నేర్చుకునేవాళ్లకు ఇది చాలా కష్టమైన ప్రశ్న: పెద్దవాళ్లని ఏమని పిలవాలి? ఇంగ్లీషులో అయితే ఒక్క మాటతో సరిపోయేది. అమ్మమ్మని అడిగాను.

వెంటనే జవాబు చెప్పలేదు. నా కాగితం సంచి చేతిలోకి తీసుకుని, దాని మడత సరిచేసింది.

"తాతా అను" అంది. కాసేపాగి, "ముందు నాకియ్యి ఫోను. నేను మాట్లాడుత" అంది.

అక్కడ తెల్లారడానికి ఇంకా మూడు గంటలుంది. ఇద్దరం ఎదురుచూస్తున్నాం.