చెట్లలో తీపి నడచు త్రోవ



చెరకుగడ తీయనగుటకు కారణమేమి? ఆకు సూర్యరశ్మి సాయమున చేసిన చక్కెర గడలోనికి దిగి యచట నిలుచుటయే. ఆకున తయారైన యాహారము వేరునకును కాయకును చేరవలయును గదా. పెక్కు మొక్కలు దానిని చెరకువలెనే సుక్రోజు అను చక్కెరగా మోయును. కొన్ని చెట్లు మాత్రము వేఱొక రూపమున మోయును. ఈ సంగతి లోకమునకు తెలిసిన క్రమమును మనవి చేయుదును.

ఇటలీ దేశమునకు చెందిన సిసిలీ ద్వీపమున కాస్టెల్‌బువోనో, పొల్లీనా యను ఊళ్ల రైతులు వేసవిలో యాష్ చెట్ల బెరడునకు గాట్లు పెట్టుదురు. కారిన రసము ఎండకు గడ్డకట్టి తెల్లని తీపి పలుకులగును. దానికి మన్నా యని పేరు. యూరపు వైద్యులు తరతరములుగా దానిని సుఖవిరేచనమునకు వాడిరి. 1806లో ఫ్రెంచి రసాయనవేత్త ప్రూస్టు మన్నానుండి మానిటాలు అను పదార్థమును వేఱుచేసెను. 1872లో బూస్సెంగో రోవన్ చెట్టు పండ్లనుండి సార్బిటాలును తీసెను. గ్లూకోజు వంటి చక్కెరకు రెండు ఉదజని పరమాణువులు చేరినచో నిట్టి పదార్థములగును. వీనిని షుగర్ ఆల్కహాలులందురు. పేరు విని సారాయమని తలపవలదు. ఇవి మత్తు కలిగింపవు.

వీనితో చెట్టునకేమి పని? ఆపిలు చెట్టులో సార్బిటాలు ప్రయాణించునని 1962లో వెబ్, బర్లీ యనువారు ప్రకటించిరి. ఆపిలు, పీచు, చెర్రీ చెట్ల యాకులు తాము చేసిన తీపిలో పెద్దభాగమును సార్బిటాలుగా మార్చి, బెరడు లోపలి సన్నని నాళముల గుండ పంపును. కాయను చేరిన పిదప నది చాలవరకు ఫ్రక్టోజుగా మాఱును. ఆలివు చెట్టు, సెలరీ యను కూరమొక్క మానిటాలును మోయును. ఉప్పునేలలో సెలరీ దానిని అధికముగ కూడబెట్టి తన కణములందలి నీటిని కాపాడుకొనును.

కృషికులు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. వెలిగారమునందలి బోరాన్ అను మూలకము మొక్కకు రవంత కావలయును, మించినచో విషమగును. అక్రోటు, పిస్తా చెట్లలో ఆకును చేరిన బోరాన్ చాలవరకు అచటనే చిక్కుకొనును. సార్బిటాలు మోయు చెట్లలోనన్ననో, ఆ సార్బిటాలే బోరాన్‌ను పట్టుకొని చిగురునకును కాయకును కొనిపోవును. ఈ భేదమును కాలిఫోర్నియాలో బ్రౌన్, హూ యనువారు 1996లో చూపిరి. మఱుసటి యేడు సెలరీ రసమునుండియు, పీచు చెట్టు పూవులకు వెలుపల స్రవించు తేనెనుండియు ఆ జంటపదార్థమును వేఱుచేసిరి.

కావున బోరాన్ మిక్కుటమైనపుడు అక్రోటున ముదురాకుల కొనలు మాడును. బాదమున లేతకొమ్మలు ఎండును. ముదురాకులనే చూచి రోగము నిర్ణయించువాడు బాదముతోటలో మోసపోవును. మందుగా గీకుకొన్న తీపి చెట్టునకు తన యాహారమును మోయు బండి యని తెలియుటకు, ప్రూస్టు కాలమునుండి నూటయేబది యేండ్లకు పైగా పట్టెను. తోటకు ఎరువు వేయుటకు ముందు, ఆ జాతి చెట్టు తన తీపిని ఏ రూపమున మోయునో విచారించుట మేలు.