మాచ్‌ఖండ్ తీరమున పంటల విద్య

విశాఖ మన్యపు కాఫీచరిత్ర వ్రాయువారు సాధారణముగా 1898లో బ్రోడీ యను ఆంగ్లేయోద్యోగి గోదావరి మన్యమందలి పాములేరు లోయలో నాటించిన మొక్కలతో నారంభింతురు. ముంచింగిపుట్టు నుండి చూచువారికి మాత్రము ఆ కథ మాచ్‌ఖండ్ నదితోనే మొదలగును. నది కావల నున్న కొరాపుట్టు సీమ, 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు, మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిదే.

1955లో ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రముల ఉమ్మడి సొత్తైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని మొదలిడెను. జోలాపుట్టు వద్ద ఏటిని నిలిపినవారికి పిమ్మట పట్టుకొన్న దిగులు మేటను గూర్చినది: పోడు కొట్టిన ఏటవాలు నేలల మన్ను వానవానకును కొట్టుకొనివచ్చి జలాశయమును పూడ్చును. కాఫీ చెట్టునీడను గోరునది. దానికై అడవినంతయు నరుకనక్కఱలేదు, రాలిన యాకు నేలను కప్పియుంచును. కావుననే 1958లో ఒరిస్సా భూసంరక్షణశాఖవారు ఆ పరీవాహమున కాఫీ నాటించిరి. ఈవల ఆంధ్ర అటవీశాఖయు 1960 మొదలు రక్షితారణ్యములలో తోటలు వేసెను. రైతు కోరగా గాక, మన్ను నిలుపుటకై కాఫీ యిచ్చటికి వచ్చినదనుట కొందఱికి నిష్ఠురముగా దోచవచ్చును.

విచిత్రమేమనగా, 1955-59 నడుమనే కటకములోని కేంద్ర వరి పరిశోధనాలయమువారు, గోవిందస్వామి మొదలగు పండితులు, పొరుగుననున్న జయపురము సీమను గాలించి 1745 వరి రకములను సేకరించిరి. కాఫీ విషయమున మన్యవాసిని శిష్యునిగా నెంచిన పండితలోకము, వరి విషయమున వాని వాకిట విత్తనమునకై చేయి చాచెను! చోడి, సామ, వలిసె, కందులను ఒక్క పోడులో కలిపి చల్లి, ఒకటి పోయిన నొకటి దక్కునని లెక్కవేసికొనుట పరిశోధన గాదా? కాగితమున కెక్కలేదు గనుక దానికా పేరు రాలేదు, అంతే.

ఐనను శాస్త్రము వలదనుటకు వీలులేదు. సింహళద్వీపమున 1869లో కాఫీ ఆకులపై కనబడిన త్రుప్పు తెగులును పరీక్షించుటకు 1880లో మార్షల్ వార్డు అను వృక్షశాస్త్రజ్ఞుడు వచ్చునప్పటికే తోటలు చేయిదాటిపోయినవి. ఆ చిన్నద్వీపము తేయాకునకు మరలెను. మైసూరు సంస్థానమువారు 1925లో బాలెహొన్నూరున స్థాపించిన ప్రయోగక్షేత్రము నుండి త్రుప్పును కొంత తాళుకొను 795వ రకము వెలువడినది. మన మన్యమునకు చింతపల్లి చేరువ ఆర్.వి.నగరులో ప్రాంతీయ కాఫీ పరిశోధనకేంద్రము 1976లో గాని రాలేదు.

మొక్క నాటుట నేర్పుట సులువు. పండు కోయుట నేర్పుటయే కష్టము. పచ్చికాయ, పండుకాయ యను భేదము లేక కొమ్మ దూసి, వాకిట నేలపై ఆరబోయుట తొలినాటి వాడుక. ఎఱ్ఱనిదే యేరి, నీట తేలు తాలును తీసివైచి, ఆ దినముననే తొక్క యొలిచి, జిగురు విడువఱకు పులియబెట్టి కడిగి, మంచెలపై నారబెట్టవలెనని శిక్షకులు చెప్పిరి. ఒక్కొక్క మొక్కకడకు పలుమార్లు పోవలెను గదా! సంతలో కాటాకే గాని రంగునకు ధర లేనపుడు ఆ శ్రమ యెందులకు? 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ వంటివి కొనుగోలునకు దిగి, ఎఱ్ఱపండునకు వేఱు ధర పలుకసాగిన పిదపనే ఆ పాఠము తోటలలో పాదుకొన్నది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది.