సరిహద్దు గీతకు ఇరువైపులా: భాషా అల్పసంఖ్యాకుల పోరాటాలు, హక్కులు

ఒక రాష్ట్రంలో అధిక సంఖ్యాకుల భాష కాక వేరొక భాష మాతృభాషగా గలవారిని భాషా అల్పసంఖ్యాకులు అంటారు. రాజ్యాంగం ఈ పదానికి నిర్వచనం ఇవ్వలేదు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొనియే అల్పసంఖ్యాకులను గుర్తించాలని తీర్పు చెప్పింది. ఈ లెక్కన కోట్లాదిమంది మాట్లాడే తెలుగు హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, సిరొంచలో అల్పసంఖ్యాకుల భాష. ఆదోనిలో కన్నడం, ఇచ్ఛాపురంలో ఒడియా, ఆదిలాబాదులో మరాఠీ కూడా అటువంటివే.

నేటి భారతదేశ పటం చాలావరకు ఇటువంటి ప్రజల పోరాటాల వల్ల రూపుదిద్దుకొన్నది. అయితే గీసిన ప్రతి కొత్త గీత వెంట కొత్త అల్పసంఖ్యాకులు మిగిలారు. వారికోసం రాజ్యాంగంలో చేరిన రక్షణలు ఎట్లా వచ్చాయో, ఏమి చెబుతున్నాయో సరిహద్దు గ్రామాల కుటుంబాలు తెలిసికొనదగినది.

తొలి భాషా రాష్ట్రం

ఆంగ్లేయుల పాలనలో ఒడియా మాట్లాడే ప్రాంతం ముక్కలై ఉండేది. కటకం, పూరీ, బాలాసోర్ బెంగాల్ కింద, గంజాం మద్రాసు కింద, సంబల్‌పూర్ మధ్య పరగణాల కింద ఉండేవి. ఒడియావారు ప్రతిచోటా పరభాషా పాలనలో అల్పసంఖ్యాకులే. 1870లో కాంతిచంద్ర భట్టాచార్య అనే ఉపాధ్యాయుడు ఒడియా స్వతంత్ర భాషే కాదని పుస్తకం వ్రాశాడు. పాఠశాలల్లో బెంగాలీ పెట్టాలన్న వాదానికి అది బలం చేకూర్చింది. ఫకీర్ మోహన్ సేనాపతి వంటివారు ఒడియాలో పాఠ్యపుస్తకాలు వ్రాసి, అచ్చువేసి దానిని ఎదుర్కొన్నారు. పుస్తకం లేని భాషకు బడిలో చోటు దక్కదని వారు గ్రహించారు.

1895లో సంబల్‌పూర్ కచేరీల నుండి ఒడియాను తొలగించి హిందీని ప్రవేశపెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ప్రజల నిరసన ఫలితంగా కొన్నేళ్ళకే ఒడియా తిరిగి వచ్చింది. 1905లో ఆ జిల్లా ఒడిశా డివిజన్‌లో చేరింది. 1903లో మధుసూదన దాస్ నాయకత్వాన ఉత్కళ సమ్మేళనం ఏర్పడింది. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియావారి పక్షాన వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. ఆధునిక భారతంలో భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం ఇదే.

పర్లాకిమిడి నేర్పిన పాఠం

ఒడియావారికి న్యాయం జరిగిన ఆ రోజే పర్లాకిమిడిలోని తెలుగువారు అల్పసంఖ్యాకులయ్యారు. జమీందారీలో అధికభాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోగా, పట్టణం ఒడిశాలో చేరింది. దీనిని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి పంతులు దశాబ్దాల తరబడి నివసించిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు.

ఆయన పోరాటం తెలుగుకే పరిమితం కాలేదు. చుట్టుపక్కల కొండలలోని సవరల భాషను నేర్చి, తెలుగు లిపిలో వారికి వాచకాలు సిద్ధం చేశారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన కూర్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. 1936లోనే మంగై గొమాంగో సవర భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించాడు. తన భాషకు గౌరవం కోరేవాడు పొరుగు భాషకూ దానిని ఇవ్వాలన్నది గిడుగు జీవితం చెప్పే నీతి.

ఆంధ్రోద్యమం, కొత్త గీతలు

1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటినుండి తెలుగువారు ప్రత్యేక రాష్ట్రం కోరుతూ వచ్చారు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ప్రారంభించి డిసెంబరు 15న అసువులు బాశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ సందర్భంలో బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రానికి పోయాయి. బళ్ళారి తాలూకా విషయం జస్టిస్ మిశ్రా విచారణ తరువాత తేలింది.

1953 డిసెంబరులో నియమితమైన ఫజల్ అలీ సంఘం 1955లో నివేదిక సమర్పించింది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు పునర్వ్యవస్థీకృతమయ్యాయి. పటాస్కర్ తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరగా, చెంగల్పట్టు, సేలం జిల్లాల గ్రామాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. యానాం 1954లో ఫ్రెంచి పాలన నుండి బయటపడి పుదుచ్చేరిలో భాగమైంది. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడకానికి వీలు కల్పించింది.

రాజ్యాంగ రక్షణలు

గీత ఎంత జాగ్రత్తగా గీసినా రెండు వైపులా కొందరు మిగులుతారని ఫజల్ అలీ సంఘం గుర్తించింది. అందుకే వారి రక్షణకు ప్రత్యేకంగా సిఫారసులు చేసింది. తత్ఫలితంగా 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో రెండు అధికరణలు చేరాయి. ముఖ్యమైన రక్షణలు ఇవి:

29వ అధికరణ: సొంత భాష, లిపి, సంస్కృతిని కాపాడుకొనే హక్కు.
30వ అధికరణ: ఇష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కు.
350వ అధికరణ: కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం చేసుకొనే హక్కు.
350–ఎ (1956): ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రం కృషిచేయాలి. రాష్ట్రపతి ఇందుకు ఆదేశాలు ఇవ్వవచ్చు.
350–బి (1956): భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారి నియామకం. ఈ కమిషనరు కార్యాలయం 1957లో ఏర్పడింది. దీని నివేదికలు పార్లమెంటు ముందుకు వస్తాయి.

వీటితోపాటు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందాలు కొన్ని కలవు. 1949 నాటి విద్యామంత్రుల సమావేశం తీర్మానం ప్రకారం, ఒక తరగతిలో 10 మంది గాని పాఠశాల మొత్తంలో 40 మంది గాని ఉంటే ప్రాథమిక దశలో మాతృభాషా బోధకుని నియమించాలి. 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం కూడా ఈ రక్షణలను బలపరచింది. అల్పసంఖ్యాకులు 15 శాతానికి తగ్గకుండా ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో ప్రచురించాలన్నది ఈ పథకంలో భాగం. కోరినవారి పేర్లను బడులు తెరవకముందే నమోదు చేసికొనే రిజిస్టరు కూడా ఇందులోదే.

న్యాయస్థానాల తీర్పులు

1971లో డి.ఎ.వి. కళాశాల కేసులో, భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేక లిపి ఉండనక్కరలేదని, వేరుగా మాట్లాడే భాష ఉంటే చాలునని సుప్రీంకోర్టు చెప్పింది. లిపిలేని భాషల వారికి ఇది పెద్ద ఊరట. 2014లో కర్ణాటకకు సంబంధించిన కేసులో, ప్రాథమిక దశలో బోధనా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదని, బిడ్డ మాతృభాష ఏదో తల్లిదండ్రులే చెప్పాలని తీర్పు వచ్చింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వల్ల తెలుగు, కన్నడ, ఉర్దూ, మలయాళ విద్యార్థులకు కలిగిన చిక్కులు కూడా న్యాయస్థానాల దాకా వెళ్ళాయి.

కుటుంబాలు చేయదగినది

350–ఎ అధికరణ రాష్ట్రాన్ని కృషిచేయమంటుంది. కోరేవారు లేనిచోట ఆ కృషి సాగదు. పదిమంది పిల్లల సంఖ్య కాగితం మీద కనిపించనంతవరకు అధికారికి ఆ గ్రామంలో తెలుగు పిల్లలు లేనట్లే లెక్క. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినప్పుడు ఆ స్థానం నిలవడానికైనా, పోవడానికైనా ఈ సంఖ్యే ఆధారమవుతుంది.

కాబట్టి బడిలో చేర్చేటప్పుడు మాతృభాష గడిలో తెలుగు అని స్పష్టంగా వ్రాయించాలి. జనాభా లెక్కల సిబ్బంది వచ్చినప్పుడు కూడా ఇంటిభాషను సరిగా చెప్పాలి. తెలుగు బోధన కోరేవారు విడివిడిగా కాక, కలిసి సంతకాలు చేసి, విద్యాసంవత్సరం ఆరంభానికి ముందే ప్రధానోపాధ్యాయునికి, మండల లేదా తాలూకా విద్యాధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసికొనాలి. సమాధానం రానప్పుడు ఆ రసీదు నకలుతో భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు వ్రాయవచ్చు. ఈ అర్జీ తెలుగులో వ్రాసినా చెల్లుతుంది.

రాష్ట్రభాషను శ్రద్ధగా నేర్వడం ఈ హక్కుకు అడ్డుకాదు. ఉద్యోగానికి, పొరుగువారితో మంచికి చెడ్డకి అది అవసరం. ఇంటిభాషలో అక్షరం దిద్దిన బిడ్డ రెండవ భాషను సులువుగా పట్టుకొంటాడన్నది తరగతి గదిలో నిత్యం కనిపించే సత్యమే. గీతకు ఆవలివైపున కన్నడ, ఒడియా, తమిళ, మరాఠీ కుటుంబాలు తమ పిల్లల కోసం అడుగుతున్నదీ ఇదే. వారి అర్జీకి మనవారు, మన అర్జీకి వారు తోడునిలిస్తే రెండువైపులా బడులు నిలుస్తాయి.