చీమల యిల్లు

మల్కాజిగిరిలో మా తరగతి బాలుడొకడు నాచారమునుండి ఒక కుండీని తెచ్చి నా బల్లపై నుంచెను. అందు గోధుమరంగున ఉబ్బిన దుంపయు, దానిపై నాలుగాకులును గలవు. "ఇది చీమలమొక్క, ఇల్లంతయు చీమలపాలగును, పారవేయుము" అని యింటి పెద్దలనిరట. తీర్పునకు ముందు విచారణ న్యాయము గదా!

దీని పేరు హిడ్నోఫైటము. ఆగ్నేయాసియా అడవులలో చెట్ల కొమ్మలపై మన్ను లేకయే పెరుగును. దుంపను కోసి చూచిన లోపల సొరంగములవంటి గదులు, వానిలో చీమల కాపురము కాననగును. పదునేడవ శతాబ్దమున అంబోయినా ద్వీపమందు నివసించిన రంఫియస్ పండితుడు చీమలపుట్టయే మొలకెత్తి యిట్టి మొక్క యగునని తలచెను. ఆయన గ్రంథము మరణానంతరము 1741 మొదలుకొని అచ్చుపడెను. కన్నులు పోయినను గ్రంథరచన మానని మహనీయుడాయన. కాని యెంతవాని మాటకైనను పరీక్ష తప్పదు.

జావాలోని బోగోర్ తోట అధిపతి ట్రూబ్, దీని దాయాదియైన మిర్మెకోడియాను చీమలు లేకుండ పెంచి, 1883లో ఫలితమును ప్రకటించెను. దుంప ఉబ్బెను, గదులును ఏర్పడెను. ఆ యిల్లు చీమలు కట్టినది కాదు, మొక్కయే కట్టినదని తేలెను. అట్లయిన చీమల వలన మొక్కకు లాభమేమి? 1978లో కమిలా హక్స్‌లీ, 1979లో రిక్సన్ ప్రకటించిన శోధనలు బదులు చెప్పినవి. చీమలు నున్నని గోడల గదులలో పిల్లలను పెంచుకొని, గరుకు గోడల గదులలో చెత్త వేయును. ఆ గరుకు గోడలు చెత్తలోని సారమును పీల్చుకొనును. చీమలకు ఇల్లు, మొక్కకు అన్నము.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. అమరకోశము బదనికకు చెట్టును తినునదను అర్థముగల 'వృక్షాదని', చెట్టుపై మొలచునదను అర్థముగల 'వృక్షరుహ' అను రెండు పేర్లను పర్యాయములుగా జెప్పినది. నేను ఆ రెండర్థములను ఒకటిగా జేసి, మామిడికొమ్మపై పూచు వాండా సైతము చెట్టును పీల్చునదేయని యేండ్ల తరబడి బోధించితిని. అసలు బదనిక పీల్చును. వాండా కొమ్మపై కూర్చుండును, అంతే. ఆశ్రయము కోరినవారినెల్ల దొంగలనుట మనకెంత సులభము!

హిడ్నోఫైటమును ఇంట పెంచుటకు చీమలక్కఱలేదు. బెరడుముక్కలు, కొబ్బరిపీచు చాలును, మన్ను వలదు. వెలుతురుగల నీడ నుంచి, తడి ఆరిన పిదపనే నీరు పోయవలెను. మన వేసవి పొడిగాలినుండి కాపాడవలెను.

ఆ కుండీ నేడు మా బడి వసారాలో నున్నది. చీమలు రాలేదు, అయిదవ ఆకు వచ్చినది.