కొండాపూర్ మట్టిబిళ్ల

రెండు వేల ఏళ్ల కిందటి కథ రాద్దామని రామారెడ్డి ఊళ్లో మా ఇంటి అరుగు మీద కూర్చున్నాను. కథలో ఒక బండివాడు. గుడ్డల మూటలు వేసుకుని తగర పట్నానికి, అక్కడి నుంచి పైఠానుకు, ఆపై సముద్రపు రేవు భరుకచ్ఛానికి పోతుంటాడు. మొదటి రాత్రి మజిలీలో ఎద్దులను విప్పి, మూడు రాళ్ల పొయ్యి పెట్టి, మక్కకంకి కాల్చుకుని పచ్చిమిరపకాయ నంజుకుంటాడు. అంతవరకు రాసి, ఆ వాక్యం మొత్తం కొట్టేశాను.

మా ఊరి నుంచి కాలభైరవస్వామి గుడికి పోయే దారి పక్కన ఏ చేను చూసినా మక్కజొన్నే. అందుకే అది కలంలోకి వచ్చేసింది. కానీ మక్కజొన్న, మిరప, టమాట, ఆలుగడ్డ, పల్లీ, పొగాకు అన్నీ అమెరికా ఖండం పంటలు. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తర్వాతే మిగతా ప్రపంచానికి వచ్చాయి. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు కూడా మెక్సికోదే. శాతవాహనుల కాలపు బండివాడి సద్దిమూటలో ఇవేవీ ఉండవు. అతనిది జొన్న గటక. కారం కావాలంటే మిరియాలు, అల్లం.

అదే కాలంలో రోములో ఒక కూలివాడి ఇంట్లోనూ టమాట లేదు. గోధుమ జాతి గింజలను దంచి ఉడికించిన జావ వాళ్ల పాత తిండి. దాన్ని పుల్స్ అనేవారు. మన గటకకు అది దూరపు చుట్టం. ఈ పోలిక తెలిసిన రోజున నాకు రోము ఒక్కసారిగా దగ్గరైంది. పాలరాతి స్తంభాలు, గ్లాడియేటర్ల కత్తులు చూపించే సినిమాలు ఎన్ని చూసినా అంత దగ్గర కాలేదు.

రోమన్ల రోజువారీ బతుకు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఒక పెద్ద విషాదం కారణం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాలు పూడిపోయాయి. ఎనిమిది ముక్కలుగా గాట్లు పెట్టిన గుండ్రటి రొట్టెలు బొగ్గై అలాగే దొరికాయి. గోడల మీద జనం గీకిన రాతలు మిగిలాయి. మామూలు ద్రాక్షసారా ఆస్ అనే ఒక చిల్లర నాణేనికి, మేలురకం నాలుగు ఆస్‌లకు అని ఒక అంగడి గోడ చెబుతుంది. పదహారు ఆస్‌లు ఒక వెండి దెనారియస్. అగస్టస్ కాలంలో సిపాయి ఏడాది జీతం 225 దెనారియస్‌లు. కథకుడికి చక్రవర్తుల వంశవృక్షం కన్నా ఈ లెక్క ఎక్కువ పనికొస్తుంది.

ఈ లెక్కతో మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన లంకెబిందెను చూడండి. అందులో 1,531 రోమన్ వెండి నాణేలున్నాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. ఒక రోమన్ సిపాయి దాదాపు ఏడేళ్ల జీతం తెలంగాణ మట్టిలో పూడ్చిపెట్టి ఉంది! పాతిపెట్టినవాడు మళ్లీ ఎందుకు రాలేదు? ఒక నవలకు సరిపడా కథ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

భారతదేశం ఏటా రోము నుంచి ఐదు కోట్ల సెస్టర్స్‌లను లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో బాధపడ్డాడు. అదే గ్రంథంలో ఆంధ్రులకు ముప్పై కోట పట్టణాలున్నాయనీ రాశాడు. 'పెరిప్లస్' అనే సముద్రయాన గ్రంథం రాసిన గ్రీకు వర్తకుడు తగర నుంచి గుడ్డలు బండ్ల మీద, దారి సరిగా లేని చోట్ల మీదుగా భరుకచ్ఛానికి వస్తాయని చెప్పాడు. నా బండివాడు పుట్టింది ఆ ఒక్క వాక్యంలోనే. ఆ తగర ఇప్పటి మహారాష్ట్రలోని తేర్. 1938లో పాంపేయి తవ్వకాల్లో ఒక దంతపు బొమ్మ బయటపడింది. ఒంటి నిండా నగలు, ఇరుపక్కలా ఇద్దరు చిన్న పరిచారికలు. అలాంటి దంతపు బొమ్మలే తేర్‌లోనూ, భోకర్దన్‌లోనూ దొరికాయి. మన దక్కను సరుకే వెసూవియస్ బూడిద కింద పడుకుని ఉందేమో.

మన వైపు బతుకు తెలుసుకోవడం ఇంకా కష్టం. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మనకు పెద్ద దిక్కు. రాజులను పక్కన పెట్టి, జనం తిన్నదీ కట్టుకున్నదీ ఆడుకున్నదీ కావ్యాల్లోంచి ఏరి తెచ్చిన పుస్తకం అది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. కానీ ఆయన కథ తూర్పు చాళుక్యుల దగ్గర మొదలవుతుంది. అంతకు వెనక్కి పోవాలంటే శాతవాహన రాజు హాలుడు కూర్చిన ప్రాకృత గాథలే దారి. అడవి బాపిరాజు నవల 'హిమబిందు' కథ ఆ శాతవాహనుల కాలానిదే. ఆయన చిత్రకారుడు కూడా కావడం తెలుగు నవల అదృష్టమని నేను నమ్ముతాను.

శాసనాలు మరో చిక్కు విప్పుతాయి. నాసిక్ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి శాసనం తేదీ ఇలా ఉంటుంది: పద్దెనిమిదో ఏడు, వానకాలం రెండో పక్షం, మొదటి రోజు. వారం పేరు లేదు. ఎండ, వాన, చలి అనే మూడు కాలాలు, ఒక్కోదానికి ఎనిమిది పక్షాలు. కాబట్టి నా కథలో సంత సోమవారం జరగదు. పక్షాన్ని బట్టే జరుగుతుంది. వానకాలపు ఏడో పక్షంలో బండి కదులుతుంది. అప్పటికి చేతికొచ్చిన చేలు ఎలా ఉంటాయో మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు.

పుస్తకాల తర్వాత తవ్విన చోట్లకు వెళ్లాలి. తెలంగాణలోని పెద్దబంకూరులో బయటపడిన మట్టి ఓరల బావులను చూస్తే, చేద వేసి నీళ్లు తోడిన చేతులు గుర్తుకొస్తాయి. సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దిబ్బను 1940లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వింది. రోమన్ నాణేల కన్నా అక్కడ దొరికిన ఒక చిన్న వస్తువు దగ్గర నేను ఆగిపోయాను. టైబీరియస్ నాణేన్ని అనుకరించి చేసిన కాల్చిన మట్టిబిళ్ల. మెడలో వేసుకోవడానికి దారం పట్టే ఏర్పాటు కూడా ఉంది.

ఎక్కడో సముద్రాల అవతల ఉన్న చక్రవర్తి మొహాన్ని ఇక్కడి ఎవరో మట్టిలో ఒత్తి, ఆవంలో కాల్చి, తాడు గుచ్చారు. వెండి కొనలేనివాళ్ల సొమ్ము అది అని నాకనిపిస్తుంది. టైబీరియస్ ఎవరో వాళ్లకు తెలియనక్కర్లేదు. ఊళ్లో కలిగినవాళ్ల మెడలో అలాంటిది మెరవడం చూసి ఉంటే చాలు.

కథ మళ్లీ మొదలుపెట్టాను. బండివాడి మొలలో ఇప్పుడు ఒకే ఒక్క దెనారియస్ ఉంది, ముడి వేసి. మట్టిబిళ్ల అతని కూతురి మెడలో వేశాను. ఇది ఎవరి మొహం అని ఆ పిల్ల రెండో పేజీలోనే తండ్రిని అడిగింది. బండివాడు ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు.